గట్టు మీది మందు

నేను ఒక దోకుడుపారను. గడ్డి చెక్కడం నా వృత్తి. లారీ కమాను పట్టీ ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపూ పదునూ ఇచ్చి నన్ను సంతకు పంపాడు కమ్మరి. అక్కడ బేరమాడి కొన్న రైతు, పిడి విరగ్గానే నన్ను చెన్నమ్మకు ఊరికే ఇచ్చేశాడు. ఆమె కొత్త పిడి వేసి తన చామంతి తోటలోకి దించింది.

దాచకుండా చెబుతాను, నా గిరాకీ అంతా గడ్డిచామంతి మీదే. చెక్కిన చోటే వానకు మళ్ళీ మొలుస్తుంది. అది మొండిది కాకపోతే నాకు పనెక్కడిది? మనుషులు మాత్రం దానికి అవసరాన్ని బట్టి పేరు పెడతారు. తోటలో ఉంటే కలుపు. పలక తుడుచుకునే పిల్లలకు పలకాకు. చెయ్యి తెగితే గాయపాకు.

ఒకరోజు చెన్నమ్మ తమ్ముడి కొడుకు, ఆమెకు అల్లుడు కూడా అయిన ఓబులేసు వీపున స్ప్రేయరు తగిలించుకొని వచ్చాడు.

“అత్తా, ఈ కలుపుమందు కొడితే తోటా గట్టూ అంతా శుబ్బరం. ఆ పారను పాతినుముకు ఎయ్యి.”

“సాళ్లల్లో కొట్టుకో. గట్టు మీద మాత్రం వద్దురా. ఆ గాయపాకు ఊర్లో అందరూ కోసకపోతారు.”

“అంగట్లో మందు దొరకదా? నీ కలుపుకు నేను కాపలా ఉండాల్నా?”

సాళ్లు ఎలాగూ పోయాయి. ఆ గట్టే నాకు మిగిలిన అంగడి. అదీ మాడితే గడ్డిచామంతి బతుకూ నా బతుకూ ఒకేసారి ముగుస్తాయి.

నన్ను మూలకు విసరబోయి ఓబులేసు చూడకుండా పట్టుకున్నాడు. చేతికి దొరికింది పిడి కాదు, అంచు. అరచెయ్యి తెగి నెత్తురు బొటబొటా కారింది.

“అత్తోవ్! సస్తి!”

“సావవులే, కూసో.” చెన్నమ్మ గట్టు మీది ఆకులు దూసి, కడిగి, నలిపి, ఆ ముద్దను గాయం మీద గట్టిగా అదిమింది. “మందు మీదనే మందు కొడ్తానంటివే!”

కాసేపటికి నెత్తురు నిలిచింది.

“మంటగా ఉందత్తా.”

“ఉంటాది. ఆస్పత్రికి పోయి సూది ఏయించుకో. తుప్పు పార అది.”

ఆ మాట కొంచెం నొప్పించింది. కానీ నిజం దగ్గర బేరమాడకూడదు.

చెయ్యి మానాక ఓబులేసు సాళ్లలో మందు కొట్టాడు. గట్టు దగ్గరకు రాగానే గొట్టం పక్కకు తిప్పాడు. గొంతు తగ్గించి, “గాయపాకుకు గరిక అడ్డమొస్తాండాది గదత్తా” అన్నాడు.

ఇప్పుడు ఆ గరికను చెక్కి గడ్డిచామంతికి చోటు చేయడమే నా పని. దాని వేరుకు తగలకుండా చెక్కడం ఇంత కష్టమని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు.