తడికల గది మీద డ్రోన్

పదకొండు రోజులుగా చీరతోనే స్నానం చేస్తున్నాను. పొద్దస్తమానం జీడి ఫ్యాక్టరీలో కూర్చుని పిక్కలు ఒలిచే ఒంటికి అది స్నానం కాదు, ఉత్త తడవడం. సబ్బు నడుము దాకా చేరదు, తడి ఆరదు, చీరకుచ్చెళ్ల దగ్గర ఒరుసుకుని పుండైంది. రెండు చెంబులు పోసుకోవడం, తలెత్తి ఆకాశం చూడడం, మళ్లీ రెండు చెంబులు. కాకి ఎగిరినా గుండె ఝల్లుమంటోంది.

కవిటి ఊరి దగ్గర మా పెరట్లో స్నానాల గదికి నాలుగు వైపులా కొబ్బరాకు తడికలే, పైన ఏమీ లేదు. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అదొక లోటని నాకెప్పుడూ తోచలేదు. ఈ ఇంట్లో నేను తలుపు వేసుకోగలిగింది ఆ ఒక్కచోటే. ఏడవాలన్నా అక్కడికే వెళ్లేదాన్ని.

ఆ రోజు పొద్దున్న ఆరింటికి నీళ్లు పోసుకుంటుంటే గుయ్యిమని చప్పుడు. పక్క తోటలో గడ్డి కోసే మిషను అనుకున్నాను. మరీ దగ్గరయ్యేసరికి తలెత్తాను. డ్రోన్! టూరిజం వీడియో తీయడానికి వైజాగ్ నుంచి వచ్చిన కంపెనీ వాళ్లదట. రెండు రోజులకు ఆ వీడియో నెట్‌లోకి ఎక్కి, ఊరి వాట్సాప్ గ్రూపులోకీ వచ్చింది. కొబ్బరితోటలు, అవతల సముద్రం, మధ్యలో మూడు సెకన్లు నేను, ముఖం పైకెత్తుకుని.

మా అత్త ఫోను కళ్లకు ఆనించుకుని చూసింది. "పైకెందుకు సూసినావే? తల దించుకుంటే ఎవులో తెలిసీదేటి?" అంది.

మా ఆయన కామేశ్ నవ్వాడు. "అంత ఎత్తుమీంచి ఏటి కనిపిత్తాది, సీమంత ఉన్నావు. నలభై వేలమంది సూసినారంట మన తోటని!"

ఆ నలభై వేలమందిలో మా ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా ఉన్నాడు. నన్ను చూసి పక్కవాడితో ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు. అక్కడికక్కడే చచ్చిపోతే బాగుండుననిపిస్తుంది. ఆ వీడియో తీసేయించమని మా ఆయన కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "ఆ కంపెనీ ఆలకి కోపమొత్తాది" అన్నాడు. పోనీ పైన రెండు రేకులైనా వేయించమన్నాను. "రేకులు మెరిత్తే షాటు పాడైపోద్దంట. పైనుంచి సూత్తే అంతా పచ్చగా ఉండాల" అన్నాడు. అదే పెరట్లో టూరిస్టులకు అద్దెకివ్వడానికి ఆయన కట్టించిన గదిలో మాత్రం టైల్సు బాత్రూము ఉంది. దాన్ని రోజూ కడిగేది నేనే. నేను స్నానం చేస్తే వాసనొస్తుందని తాళం ఆయన దగ్గరే ఉంచుకుంటాడు.

నిన్న సాయంత్రం ఒక కాగితం తెచ్చాడు. ఏడాదిపాటు మా పెరట్లోంచే డ్రోన్లు ఎగరేస్తారట, వచ్చిన టూరిస్టుల చేత కూడా ఎగరేయిస్తారట. ఇంటిపట్టా నా పేరున ఉంది కాబట్టి నా సంతకం కావాలి.

"ఇక్కడ ఎట్టు, సుధారాణీ" అన్నాడు. ఆ నోట నా పేరు విని ఎన్నేళ్లయిందో.

పెన్ను పట్టుకుని అడిగాను. "ఆ రోజు ఆరింటికే రమ్మని ఆలకి ఎవులు సెప్పినారు?"

"నానే. ఎండ అప్పుడే బాగుంటాది."

"ఆ టైముకి నాను తానం సేత్తానని నీకు తెలీదా బావా?"

"తెలుసు. నీకు సెప్పడం మరిసిపోనాను."

దాచిపెట్టాలని కూడా అనిపించలేదు ఆయనకు. మర్చిపోయాడట. ఐదుగురొస్తారు, ఏడింటికల్లా ఉప్మా చేసి ఉంచమని మాత్రం ముందురోజే రెండుసార్లు చెప్పాడు. జీడిపప్పు దండిగా వెయ్యమని కూడా. వాళ్ల ఆకలి గుర్తుంది, నా ఒళ్లు గుర్తులేదు. కావాలని చేసుంటే ఇంత ఏడుపు వచ్చేది కాదేమో.

కళ్లు తుడుచుకుని కాగితం మొత్తం చదివాను. "సంతకానికి సదవడమెందుకే?" అని అత్త విసుక్కుంటోంది. చివర్లో 'ఇందుకు నాకు అభ్యంతరం లేదు' అని ఉంది. ఆ 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశాను.

దాని కింద, ఆయన వేలు పెట్టి చూపించిన చోటే, సంతకం పెట్టాను.