పాతర నీళ్లు

రాజలింగాన్ని దొర ఉండే గడి వెనక వాకిలి నుంచి చాపలో చుట్టి బయటికి తెచ్చారు. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. మేమంతా చూశాం. చూడలేదని ఎవడైనా అంటే వాడు దొర మనిషే.

మాది దేవరుప్పుల పక్క ఊరు. సర్కారు లెవీ వసూళ్లకు చిక్కకుండా దొర వడ్లను నేలలో తవ్వించిన పాతరలో దాచాడు. వానలకు అందులో మోకాలిలోతు నీళ్లు నిలిచాయి, నీళ్ల నిండా ఎలుకలు. ఆ వడ్లు ఎత్తడానికి వెట్టివాళ్లను దింపాడు. దిగినవాళ్లకు మొదట జ్వరం, పిక్కల నొప్పులు, తర్వాత కళ్లు పచ్చబడటం. వాతలు పెట్టించాం, పసరు పోయించాం. ఏం లాభం? పాడె వెనక పాడె లేచింది. రాజలింగాన్ని జ్వరంతోనే దింపారు, అక్కడే కూలిపోయాడు.

అతన్ని పూడ్చిన మన్ను ఆరకముందే దొర మనిషి వచ్చి అతని భార్య పోచమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"మొగడు లేకుంటే ఇంటి వంతు నీదే. పొద్దుగాల పాతర దిగాలె."

మా వాడ జనమంతా ఆమె వాకిట్లో కూడారు.

"ఊరమ్మకు కోపమొచ్చింది. యాటను కోద్దం" అన్నాడు ముసలి వెంకన్న.

పోచమ్మ గయ్యిమంది. "మామా, అమ్మకు పాతర దిగినోళ్లే కనబడ్డరా? ఒడ్డు మీద నిలబడ్డ దొర మనుషులల్ల ఒక్కనికన్న జెరమొచ్చిందా?"

దొరలకు ఎదురు నిలిచిన సంఘం మనిషి యోహాను అందుకున్నాడు. "జనగామ దవాఖానల డాక్టర్ను అడిగిన. ఎలుకల ఉచ్చ నీళ్లల్ల కలుస్తదట. కాళ్ల పగుళ్లల్లకెళ్లి ఒంట్లకు పోతదట."

"అయితే ఆ వడ్లు మనమే గుంజుకుందం. పోరగాండ్లు ఆకలికి సస్తుండ్రు" అన్నాడొకడు.

"ఎత్తనీకి దిగేదెవలు? మల్ల మనమే గద! పూడ్చుదం" అంది పోచమ్మ.

కడుపు మాడుతున్నవాళ్లు వడ్లు పూడ్చడమా! చివరికి ఆమె అత్త వీరమ్మ, కొడుకును పోగొట్టుకున్న మనిషి, లేచి గంప అందుకుంది.

తెల్లవారి వాడ జనమంతా మన్ను గంపలతో గడిలోకి నడిచారు. దొర తుపాకీతో అడ్డం నిలబడ్డాడు. పోచమ్మ అతని పక్కనుంచే పోయి గంప పాతరలో గుమ్మరించింది. వెనక ఇంకొకటి, ఇంకొకటి. అంతమందిలో ఎవరిని కాల్చాలో దొరకు తోచలేదు.

"దిగి మన్ను తియ్యుండ్రిరా!" అని తన మనుషుల మీద అరిచాడు. వాళ్లు తమ పగిలిన కాళ్లు చూసుకుని వెనక్కి జరిగారు.

"మా వంతు ఒడిసింది. ఇగ నువ్వు దిగు" అంది పోచమ్మ. పుట్టిన కాడినుంచి 'నీ బాంచెన్ దొరా' తప్ప వేరే మాట ఎరగని నోరు అది.

దొర మోటారెక్కి రజాకార్ల కోసం జనగామ దారి పట్టాడు. వాళ్లు వస్తారు. వస్తే ఏం చేస్తారో పక్క ఊళ్లలో చూసి ఉన్నాం. భయం లేదంటే అబద్ధం. అయినా ఒక్కరూ ఇంటికి పోలేదు. గడి మేడ మీద ఒక గది నిండా పొడి వడ్లున్నాయి. వీరమ్మ మెట్లెక్కి దాని తాళం పట్టుకుని చూసింది.

"గొడ్డలి తెండ్రి" అంది.