పదికి పన్నెండు నొప్పి

మా మావయ్య ముప్పై ఏళ్లు రైల్వే స్టేషన్‌లో అనౌన్సర్‌గా పనిచేశారు. రిటైరయ్యాక ప్రకటించడానికి రైళ్లు లేక, నొప్పులను ప్రకటించడం మొదలుపెట్టారు.

"దయచేసి వినండి! నిన్న రావలసిన మోకాలి నొప్పి, పన్నెండు గంటలు ఆలస్యంగా, ఇప్పుడే ఎడమ కాలికి వచ్చి చేరినది!"

"వచ్చిన దారినే పొమ్మనండి" అనేవారు అత్తయ్య వంటింట్లోంచి.

వాళ్ల కోడలినైన నేను ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. కాబట్టి "సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత మావయ్యా?" అని అడిగే ఖర్మ నాదే. వేలికి ముల్లు గుచ్చుకున్నా ఆయన జవాబు ఒకటే, పన్నెండు. పది దాకానే ఉంది కదా అంటే, "అది మామూలు మనుషులకమ్మాయ్" అనేవారు.

నిజానికి ఆయనకున్న జబ్బు ఒక్కటే. గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అది నొప్పి పెట్టదు కాబట్టి ఆయనకు దానిమీద గౌరవం లేదు. రక్తం గడ్డకట్టకుండా డాక్టరిచ్చిన మాత్రను చూసి, "ఆవగింజంత ఉంది, ఇదేం చేస్తుంది?" అని పెదవి విరుస్తూనే మింగేవారు.

ఆ మధ్య మా ల్యాబులో ఒక కొత్త పరీక్షను ప్రయోగంగా మొదలుపెట్టారు. పేగుల లోపలి పొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది. పేగులకు రక్తం సరిగా అందకపోతే ఆ పొర దెబ్బతిని, ప్రొటీన్ రక్తంలోకి వచ్చేస్తుంది. దాన్ని తొందరగా పట్టుకుంటే పేగు చచ్చిపోకముందే కాపాడవచ్చునని ఆశ. పోల్చి చూడటానికి పేగులు బాగున్నవాళ్ల రక్తం కూడా కావాలన్నారు. మావయ్యను తీసుకెళ్లాను. సూది గుచ్చితే పన్నెండన్నారు, అది మామూలే. ట్యూబు మీద నేనంటించిన స్టిక్కరు చదివాక మాత్రం అగ్గిమీద గుగ్గిలమైపోయారు.

"'ఆరోగ్యవంతులు, 9'? నేనా? నన్ను తీసుకెళ్లి ఆరోగ్యవంతుల్లో కలిపేస్తావా? నలుగురికీ తెలిస్తే నా పరువేం కావాలమ్మాయ్?"

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నొప్పులు కూడా గోడకే ప్రకటించుకున్నారు.

ఐదోరోజు పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, ఆయన సోఫాలో పొట్ట పట్టుకుని ముడుచుకుపోయి ఉన్నారు. ప్రకటన లేదు.

"నొప్పా మావయ్యా? ఎంత?"

"ఏడు... ఉంటుందేమో."

అత్తయ్య గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి, "ఏడేనా! హమ్మయ్య, ఒక్కసారిగా ఐదు తగ్గింది" అని సంబరపడ్డారు.

నాకు మాత్రం భయమేసింది. గొప్పలు చెప్పుకునే ఓపిక కూడా లేకపోయిందంటే, ఈయనకు ఏదో పెద్దదే జరుగుతోంది.

"ఆ చిన్న మాత్ర వేసుకుంటున్నారా?"

ఆయన నేల చూపులు చూశారు. "ఆరోగ్యవంతుణ్ణన్నావుగా, ఇంక మాత్రెందుకని మానేశాను."

ఉన్నపళంగా ఆస్పత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరుకు మావయ్య కొత్త కాదు. పోయిన నెలే మావయ్య ఎక్కిళ్లకు వచ్చి పన్నెండు చెప్పి వెళ్లారు. డాక్టరు పొట్ట నాలుగువైపులా నొక్కి చూసి, ఒంట్లో ఎక్కడైనా రక్తం అందకపోతే పెరిగే లాక్టేట్ ఎంతుందో కూడా చూసి నవ్వేశారు.

"పొట్ట దూదిలా మెత్తగా ఉందండీ. లాక్టేట్ కూడా నార్మలే. మీ మావయ్య సంగతి మనకు తెలియందేముంది?"

"పేగులకు రక్తం ఆగితే మొదట్లో పొట్ట మెత్తగానే ఉంటుంది, నొప్పి మాత్రం ఎక్కువుంటుంది కదండీ? పైగా మాత్ర మానేశారు."

"నొప్పి ఏడే అన్నారుగా?"

"ఆయన ఏడంటే మన ఇరవై సార్!"

ఇలా కాదని మావయ్య రక్తం తీసుకుని ల్యాబుకు పరుగెత్తాను. కొత్త పరీక్షకు పెట్టి, నలభై నిమిషాలు మెషిన్ ముందు కాపలా కూర్చున్నాను. ఏడుపు ఆగలేదు. ఆ స్టిక్కరు అంటించిన చేతులు ఇవే మరి. మెషిన్ అంకె చూపించింది. పాత ట్యూబుకు తొమ్మిది రెట్లు.

డాక్టరు కాగితం చూసి గడ్డం గోక్కున్నారు. "ఇది ఇంకా ప్రయోగంలో ఉన్న పరీక్ష. దీన్ని నమ్మి పొట్ట కోయలేనండీ."

"కోయొద్దు, స్కాన్ తీయించండి చాలు. మా మావయ్య నటిస్తారు సార్, ఒప్పుకుంటాను. ఆయన రక్తానికి నటించడం రాదు."

డాక్టరు స్కాన్‌కు రాశారు.

పేగులకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డం పడి ఉంది. వెంటనే లోపలికి తీసుకెళ్లి, సన్నని గొట్టం పంపి దాన్ని లాగేశారు. డాక్టరు బయటికొచ్చి, "పేగు బతికే ఉందండీ" అన్నారు. ఠంగుమని చప్పుడైంది. అత్తయ్య చేతిలోంచి గరిటె జారింది. పొద్దుటి నుంచీ దాన్ని పట్టుకునే తిరుగుతున్నారని అప్పటిదాకా ఆవిడతో సహా ఎవరమూ గమనించలేదు.

మర్నాడు మావయ్య కళ్లు తెరిచారు గానీ నోరు తెరవలేదు. మధ్యాహ్నం దాకా అంతే. అత్తయ్య ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఇంతలో నర్సు వచ్చి చేతి మీది ప్లాస్టరు సర్రున పీకింది.

"నొప్పి ఎంత మావయ్యా?" అన్నాను భయంభయంగా.

ఆయన గొంతు సవరించుకున్నారు.

"దయచేసి వినండి! పద్నాలుగు! ఇది ఆరోగ్యవంతులకు వచ్చే నొప్పి కాదని కోడలుగారికి ప్రత్యేకంగా తెలియజేయడమైనది!"

అత్తయ్య భోరున ఏడ్చేశారు. ఇన్నాళ్లుగా ఆ గొంతును వంటింట్లోంచే తిప్పికొట్టిన మనిషి, మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏదీ, ఇంకోసారి చెప్పండి."