లేని ప్రోటీన్‌కి నల్ల గీత

ఆ అమ్మాయిని మా ల్యాబ్‌లో అందరం నత్త అనేవాళ్ళం. ఏ ప్రయోగమైనా మూడుసార్లు చేస్తే గాని నోరు విప్పేది కాదు. ఆ పేరు పెట్టింది మా సారు. నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక.

మా పని కణాల మీద. కణం లోపల చిన్న చిన్న సంచులుంటాయి. అవి కణం పైపొరకి అతుక్కుని, రెండు పొరలూ ఒకటైపోతే, సంచిలోని సరుకు బయటికొస్తుంది. ఆ పొరల్ని కలిపే ప్రోటీన్ ఒకటుంది. సారుకి పేరు తెచ్చింది అదే. దాన్ని చూడాలంటే యాంటీబాడీ కావాలి. అది వెళ్ళి ఆ ప్రోటీన్‌కే అంటుకోవాలి, ఇంక దేన్నీ ముట్టుకోకూడదు. అంటుకున్న చోట ఎక్స్‌రే ఫిల్ము మీద నల్ల గీత పడుతుంది. ప్రోటీన్ ఎక్కువుంటే గీత ముదురు, తక్కువైతే లేత. చిటికెన వేలంత గొట్టంలో వచ్చే ఆ యాంటీబాడీని పదేళ్ళుగా ఒకే కంపెనీ నుంచి తెప్పిస్తున్నాం.

నత్తకి ఇచ్చిన పని చెప్పడానికి సులువైనదే. కణాల్లో ఆ ప్రోటీన్‌ని తగ్గించి ఏమవుతుందో చూడటం. ఆమె తగ్గించింది. గీత తగ్గలేదు. తగ్గించే మందు మార్చింది, కణాలు మార్చింది. అయినా తగ్గలేదు. "నీ చేతులు ఈ పనికి పనికిరావమ్మా" అని సారు ఓ సోమవారం మీటింగులో అందరి ముందూ అనేశారు. మూడో ఏడు నిండకుండానే తన తెల్లకోటు మడతపెట్టి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పని నాకొచ్చింది. కిటికీ పక్కనున్న ఆమె బల్ల కూడా నాకే వచ్చింది. నిజం చెప్పాలంటే సంబరపడ్డాను.

రెండేళ్ళకి వేరే ల్యాబ్ వాళ్ళు మాకు కొత్త కణాలు పంపారు. వాటిలో ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జీన్‌నే పూర్తిగా తీసేశారు. జీన్ లేదంటే ప్రోటీన్ లేదు, ప్రోటీన్ లేదంటే గీత ఉండకూడదు. ఫిల్ము కడిగి వెలుతురులో పట్టుకున్నాను. మామూలు కణాలకి గీత ఉంది. పక్కనే, ప్రోటీన్ లేని కణాలకీ ఉంది. అంతే నలుపు.

గొట్టాలు తారుమారు చేశాననుకున్నాను. మళ్ళీ చేశాను. నాలుగోసారికి నన్ను నేను తిట్టుకోవడం మానేశాను. ఆ యాంటీబాడీ అంటుకుంటున్నది మా ప్రోటీన్‌కి కాదు, అదే సైజున్న ఇంకేదో దానికి.

బీరువా కింది అరలోంచి నత్త నోట్‌బుక్ తీశాను. చేరిన ఎనిమిదో నెలలోనే రాసుకుంది: "ఈ గీత మన ప్రోటీన్‌ది కాదేమో. యాంటీబాడీని పరీక్షించాలి." దాని కింద ఎర్ర సిరాతో సారు రాత: "ముందు నీ చేతుల్ని అనుమానించుకో."

ఒళ్ళు మండిపోయింది. నోట్‌బుక్కూ ఫిల్మూ పట్టుకుని తిన్నగా సారు గదిలోకి వెళ్ళాను.

ఫిల్ము చూసి ఆయన కళ్ళజోడు తీశారు. "ఆ కణాలే సరిగ్గా లేవేమో."

"జీన్ లేదని సీక్వెన్స్ చేయించి మరీ చూశాను సార్."

"అయితే ఈ కణాలు వాడకు. మన ఆరు రీసెర్చ్ పేపర్లు ఈ గీత మీదే నిలబడి ఉన్నాయి. కాస్త ముందూ వెనకా ఆలోచించు."

"ఇదే మాట ఆ అమ్మాయి నాలుగేళ్ళ కిందటే చెప్పింది సార్."

"ఏ అమ్మాయి?"

ఆయనకి నిజంగానే గుర్తులేదు. నటించినా ఓర్చుకునేదాన్ని.

కంపెనీకి ఫోన్ చేశాను. "ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చేయలేదు మేడం. మీ ఫ్రిజ్ బాగానే పనిచేస్తోందా?" అంది అవతల ఓ తియ్యటి గొంతు.

"మా ఫ్రిజ్ సంగతి సరే. ప్రోటీన్ లేని కణాల మీద మీరు ఒక్కసారైనా పరీక్షించారా?"

"ఆ వివరాలు మా దగ్గర ఉండవు మేడం."

చూడనే లేదన్నమాట! గొట్టంతో వచ్చే కాగితం మీద మాత్రం ‘ఈ ప్రోటీన్‌కే’ అని లావు అక్షరాల్లో అచ్చేశారు.

నత్త ఇప్పుడు ఓ బడిలో సైన్సు చెబుతోంది. నేను ఫోన్ చేస్తే అంతా విన్నది. వెనకాల పిల్లల గోల వినబడుతోంది.

"చేతులు వణుకుతున్నాయేమోనని డాక్టర్‌కి చూపించుకున్నానక్కా అప్పట్లో. ఏమీ లేదంటే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళాను."

"నన్ను క్షమించమ్మా. నేనూ నవ్వాను."

"గుర్తుంది." ఆ మాటని తేలిక చేయలేదు. "ఇప్పుడేం చేద్దామని?"

"సైన్సు పత్రికకి రాద్దాం. ముందు నీ పేరు, తర్వాత నాది."

"సారు ఒప్పుకోరు."

"ఆయన్ని అడగట్లేదు."

ఏడు ఆదివారాలు ఆమె వంటింట్లో కూర్చుని రాశాం. పాత ఫిల్ములూ కొత్తవీ పక్కపక్కన పెట్టాం. అచ్చయింది. కంపెనీ చడీచప్పుడు లేకుండా కాగితంలో ఒక్క వాక్యం మార్చింది. సారు ఆరింటిలో రెండు పేపర్లు వెనక్కి తీసుకున్నారు. మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత సంస్థ వార్షిక సభలో ఆయన వేదికెక్కి, "ఈ లోపాన్ని మొదట పట్టుకున్నది మా ల్యాబే" అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. నేను లేచి నిలబడ్డాను.

"పట్టుకున్నది మీరు వెళ్ళగొట్టిన అమ్మాయి సార్." ఆమె పూర్తి పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. చప్పట్లు ఆగిపోయాయి. సారు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు.

తర్వాత డైరెక్టరుగారు పిలిచి, "ఆ మాట నలుగురిలో కాకుండా గదిలో చెప్పుకోవలసిందమ్మా" అన్నారు.

"ఆమెని అన్నది గదిలో కాదండీ" అన్నాను.

నెల తిరక్కుండా నేను వేరే ల్యాబ్‌కి మారాను. అక్కడ ఓ చోటు ఖాళీ ఉంటే, వస్తావా అని నత్తని అడిగాను.

"ఏడో తరగతికి గుండె పాఠం సగంలో ఉందక్కా. అది అయ్యాక ఆలోచిస్తాను" అంది.