పసుపు పూత

ఆవిడ హస్తవాసి మంచిదని వీధంతా ఒప్పుకున్న మాటే. ఎవరికి దురద పుట్టినా గిన్నె పట్టుకుని వచ్చేవాళ్లు. లేత వేపాకూ పసుపూ కలిపి మెత్తగా నూరి, ముందు తన మోచేతికి రాసి చూసుకున్నాకే ఇచ్చేది. అలా పసుపత్తయ్య అన్న పేరు స్థిరపడిపోయింది.

అలాంటావిడ మొగుడికే దురద పట్టుకుంది. ఆయన దర్జీ. కొలత చెక్కతో వీపు గోక్కుంటుంటే బట్టలు కుట్టించుకోవడానికొచ్చినవాళ్లు, "ఇంట్లో వైద్యం పెట్టుకుని ఈ గోకుడేంటి మామయ్యా?" అని నవ్వారు. అది విని పసుపత్తయ్యకి రోషం పొడుచుకొచ్చింది. ఆ రోజు నుంచి సాయంత్రం కొట్టు కట్టేయగానే ఆయన్ని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి, మెడ నుంచి మడమల దాకా ఆ ముద్ద పట్టించి, ఆరేదాకా పక్కనే ఉండేది.

"తగ్గుతోందా?"

"కొంచెం నయమే."

రెండు నెలలు ఇదే మాట. ఒళ్లు పచ్చబడింది. పసుపు రాస్తే పచ్చబడక ఎర్రబడుతుందా? కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ మనిషే పచ్చగా ఎదురుగా కూర్చుంటే లోకమంతా అది పసుపేలే అనుకుంది. ఒకనాడు సూదిలో దారం ఎక్కించలేక ఆయన కళ్లజోడు తీస్తే, ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. తెల్లగుడ్లూ పచ్చగా ఉన్నాయి. కళ్లకి తను పసుపు రాయలేదే! మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"ఒళ్లు ఎప్పటి నుంచి పచ్చబడింది?" అనడిగింది ఆసుపత్రిలో డాక్టరమ్మ. పసుపు పూత కింద ఎప్పుడు పచ్చబడిందో ఇద్దరికీ తెలియదు. అది చర్మం దురద కాదట. లోపల గడ్డ పెరిగి పైత్యరసం వెళ్లే దారి మూసేసిందట, దురదా పచ్చదనమూ అందుకేనట. రెండు నెలల ముందైతే కోసి తీసేవాళ్లమంది. ఇప్పుడు చేయగలిగింది లేదంది.

ఇంటికొచ్చాక పసుపత్తయ్య రోలు బోర్లించేసింది. సాయంత్రం ఆయన గోడ పట్టుకుని నడిచెళ్లి పీట మీద కూర్చున్నాడు.

"నిజం చెప్పండి. ఒక్కరోజైనా తగ్గిందా?"

"లేదు."

"మరి నోరు విప్పి చెప్పొద్దా? నా చేతులారా మిమ్మల్ని..." అంటూ ఏడ్చేసింది.

ఆయన చొక్కా గుండీలు తీసుకుంటూ, "ముప్పై ఏళ్లూ నువ్వు వంటింట్లో, నేను మిషను మీద. నా పక్కన కుదురుగా కూర్చున్నది ఈ రెండు నెలలేనే. తగ్గిందంటే మానేస్తావు, తగ్గలేదంటే ఇంకెవరి దగ్గరికో పంపేస్తావు. అందుకే నయమంటూ వచ్చా" అన్నాడు.

ఆవిడ ఏడుస్తూనే అరచేతిలో వట్టి నూనె పోసుకుని ఆయన వీపు వెనక కూర్చుంది.