పట్టీ తెగిన బిడ్డ

సీసీటీవీ తెర మీద ఆ అమ్మకం నలభై సెకన్లలో ముగిసింది.

మూడు రోజుల బిడ్డను తల్లి ఆసుపత్రి వెనక చెత్త డబ్బాల పక్కన చాటలో పడుకోబెట్టింది. ఊదా రంగు చీర కట్టిన ఒక ముసలామె వచ్చింది. బిడ్డ చేతికున్న, తల్లి పేరు రాసిన ఆసుపత్రి పట్టీని కత్తెరతో తెంపి డబ్బాలో పారేసింది. తల్లి చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టింది. చాట ఎత్తుకుని నడిచింది. తల్లి ఆపలేదు. అటు చూడను కూడా చూడలేదు.

"చూశావా?" అన్నాడు అనికేత్ మరాఠీలో. అతను సెక్యూరిటీ సూపర్‌వైజరు. ముసలామెను గేటు దగ్గర పట్టుకున్నప్పటి నుంచి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "కుక్క కూడా తన పిల్లను ఇలా వదలదు. నిన్న నువ్వన్నది నిజమే దర్శనా. కనడం తప్ప వీళ్లకు ఏమీ రాదు."

దర్శన నిన్న ఆ మాట నిజంగానే అంది. నవ్వుతూ అంది.

ఆమెది హెల్ప్ డెస్క్ ఉద్యోగం. చూడటానికి వచ్చేవాళ్లు ఏ వేళకు రావాలి, మొదటి టీకాలు ఎక్కడ వేస్తారు, జనన ధ్రువపత్రానికి ఏ ఫారం నింపాలి, ఇవన్నీ చెప్పడం ఆమె పని. చెప్పేది తక్కువ, కసరడం ఎక్కువ. పాలమూరు నుంచి వచ్చిన కూలీల కోసం మాత్రం ఒక ప్రత్యేకమైన ముఖం దాచి ఉంచేది. చెప్పుకు అంటిన బురదను చూసే ముఖం అది. వాళ్లు తెలుగులో అడిగితే అర్థం కానట్టు కనుబొమ్మలు ఎగరేసేది. తాను పుట్టి పెరిగింది తెలుగు కూలీల వాడ కామాటిపుర పన్నెండో గల్లీలోనని ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఇల్లెక్కడ అంటే ముంబై సెంట్రల్ అనేది.

తెర మీద ఉన్న తల్లి పేరు కవిత. నిన్న డెస్క్ దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కా, బిడ్డ చేతికున్న పట్టీ తెంపితే ఏమన్న అయితదా?"

దర్శనకు ప్రతి అక్షరం అర్థమైంది. అయినా మరాఠీ పుస్తకం ఒకటి ముందుకు తోసి, అన్నీ అందులో ఉన్నాయని మరాఠీలో చెప్పి, ఫోన్ చూసుకుంది. పట్టీ లేని బిడ్డను గేటు దాటనివ్వరని నాలుగో పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది. కవిత ఆ పుస్తకాన్ని రెండు చేతులతో అందుకుంది. బొమ్మలు చూసింది. వెళ్లిపోయింది.

"మళ్లీ పెట్టు," అంది దర్శన.

అనికేత్ మళ్లీ పెట్టాడు. ఈసారి దర్శన ముసలామె నడకను చూసింది. ఎడమ కాలు కొంచెం ఈడ్చే నడక. పొద్దున ఇంట్లో ఒకామె చాటకు పసుపు రాస్తుంటే తాను పట్టించుకోకుండా బయటికి వచ్చిన సంగతి గుర్తొచ్చింది.

ఆ ముసలామె లక్ష్మవ్వ. దర్శన నాయనమ్మ.

*

మెడికల్ ఆఫీసర్ డాక్టర్ పూనం గదిలో ఎవరి స్థానంలో వాళ్లున్నారు. తొట్టిలో బిడ్డ ఏడుస్తున్నాడు. తొట్టికి రెండడుగుల దూరంలో కవిత గోడకేసి చూస్తోంది. పాలు చేపి ఆమె జాకెట్టు తడిసిపోయింది. అయినా బిడ్డ వైపు చెయ్యి చాపదు. మూలన స్టూలు మీద లక్ష్మవ్వ ఒళ్లో ఖాళీ చాట పెట్టుకుని కూర్చుంది. ఆ గదిలో ఉన్న అందరి ముఖాలనూ కుళ్లిన వంకాయలను ఏరినట్టు ఒక్కొక్కటిగా చూసింది. మనవరాలి ముఖం దగ్గర కూడా ఆగలేదు.

"బాలల సంక్షేమ కమిటీ వాళ్లు ఇరవై నిమిషాల్లో వస్తారు," అంది డాక్టరు. "చెత్త డబ్బా పక్కన! వాడిన సూదుల పక్కన! వీళ్లకు మెదడనేది ఉందా? ఈ భాష వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"ఇలాంటి వాళ్ల భాష మనలో ఎవరికి వస్తుంది మేడం?" అన్నాడు అనికేత్.

దర్శన నేల చూసింది.

డాక్టరు కవిత వైపు తిరిగి హిందీలో, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "ఆఖరిసారి అడుగుతున్నా. నువ్వు కాదంటే వాళ్లు బిడ్డను తీసుకెళ్లిపోతారు. ఎప్పటికి తిరిగిస్తారో, అసలు ఇస్తారో లేదో నాకు తెలియదు. ఈ బిడ్డ నీదేనా?"

కవిత గోడ మీంచి చూపు తిప్పలేదు.

"నాది గాదు," అంది. "గామె కొనుక్కున్నది."

అది తెలుగే అయినా వేలు లక్ష్మవ్వ వైపు చూపించింది కాబట్టి తర్జుమా అవసరం లేకపోయింది. అనికేత్ విజయగర్వంతో ఒక ప్లాస్టిక్ సంచీ బల్ల మీద పెట్టాడు. లోపల ఆ పొట్లం. "పోలీసుల ముందే విప్పుదామని ముట్టుకోలేదు మేడం. మత్తుమందు కూడా కావచ్చు."

పొట్లంలో ఏముందో దర్శనకు తెలుసు. కవిత ఎందుకు కాదంటోందో కూడా తెలుసు. కవితకు ముందు ఇద్దరు పుట్టి పోయారని కేసు పేపర్లో ఉంది. అలాంటి ఇంట్లో మూడో బిడ్డను చెత్త మీద పారేస్తారు. బిడ్డలెవరూ పోని ఒక ఆడమనిషి వచ్చి గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంటుంది. ఈ పనికిమాలినదాని కోసమా ఇంత దూరం వచ్చానని చావు అసహ్యించుకుని వెనక్కి పోవాలి. అప్పుడు అదే తవుడిచ్చి తల్లి మళ్లీ కొనుక్కోవాలి. అందాకా నాదని ఒప్పుకోకూడదు. ఇదంతా ఉత్తుత్తిదే అని నోరు జారకూడదు. జారితే చావు వింటుంది.

పన్నెండో గల్లీలో లక్ష్మవ్వ ఇలా పదకొండు మందిని కొంది. పదకొండు మందీ బతికే ఉన్నారు. ఈసారి సగం బేరంలో అనికేత్ అడ్డుపడ్డాడు.

బయట జీపు ఆగిన చప్పుడు. అనికేత్ కిటికీలోంచి చూశాడు. "కమిటీ వాళ్లే కాబోలు. తొందరగా వచ్చారు."

బిడ్డ ఏడుపు బొంగురుపోయింది. కవిత కళ్లు గట్టిగా మూసుకుని గోడకు నుదురు ఆనించింది.

"అవ్వా," అంది దర్శన. తెలుగులో. "ఈళ్లకు అసలు సంగతి చెప్పకుంటే పిల్లగాన్ని తీస్కపోతరు. చెప్పనా?"

అనికేత్ నోరు తెరిచాడు.

"ఎవరే నువ్వు?" అంది లక్ష్మవ్వ. "ముంబై సెంట్రల్ దొరసానివి. నీకు తెలుగు రాదంట గద?"

"తిట్టుడు ఇంటికాడ తిట్టు. చెప్పనా వద్దా?"

"తెలుగుల చెప్తివో, నీ నాలుక కోస్త. అది ఇంటది." ముసలామె పైకప్పు వైపు చూసి గొంతు తగ్గించింది. "మరాఠీల చెప్పు. పాలమూరి నుంచి ఈ పోరి ఎంబడి వచ్చిన సావు అది. దానికేం మరాఠీ వస్తది."

దర్శన మరాఠీలో చెప్పింది. ఇన్నాళ్లూ కష్టపడి తెచ్చుకున్న శుభ్రమైన మరాఠీ అంతా అందులో పోసింది. పట్టీ గురించి కవిత నిన్ననే అడిగిందనీ, తాను అర్థం కానట్టు నటించాననీ కూడా చెప్పింది. ఆ ముక్క చెప్పేటప్పుడు అనికేత్ వైపు చూడలేదు. "ఆ ముసలామె మా నాయనమ్మ. పొట్లం విప్పండి మేడం. పుట్టిన రోజు తీసిన పాదం ముద్ర కేసు పేపర్లో ఉంది. బిడ్డ పాదంతో సరిచూడండి."

డాక్టరు పొట్లం విప్పింది. తవుడు. వాసన చూసింది. అనికేత్ వైపు చూసింది. "మత్తుమందా?"

అనికేత్ ఛాతీ మామూలు కొలతకు వచ్చింది.

పాదం ముద్ర సరిపోయింది. అయినా డాక్టరు కలం కింద పెట్టలేదు. "మీ పిచ్చి మీది. నాకు కావలసింది ఒకటే. తల్లి నా ముందు నాదని చెప్పి సంతకం పెట్టాలి. లేకపోతే బిడ్డ వాళ్లతోనే వెళ్తాడు."

"అయితే ఆ తవుడు ఆమెకివ్వండి మేడం."

"ఇది సాక్ష్యం."

"కాదు మేడం. అది బిడ్డ ధర."

మెట్ల మీద బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది. ఇరవై ఏళ్ల అనుభవమున్న డాక్టరు పూనం, తన జీవితంలో ఇంతకంటే తెలివితక్కువ పని చేయలేదన్నట్టు ముఖం పెట్టి, పొట్లం కవిత ముందుకు తోసింది.

కవిత దాన్ని లాక్కుని లక్ష్మవ్వ చాటలో గుమ్మరించింది.

లక్ష్మవ్వ తీరిగ్గా లేచింది. తొట్టిలోంచి బిడ్డను ఎత్తి, ముక్కు చిట్లించి, అటూ ఇటూ తిప్పి చూసింది. "థూ. నల్లపీనుగ. కాకి ఎత్తుకపోయినా మళ్ల తెచ్చి పడేస్తది. నాకొద్దు. నీ పెంట నువ్వే తీస్కపో."

కవిత బిడ్డను అందుకుంది. గుండెకు అదుముకుంది.

"నాది," అంది. హిందీలో అంది, తెలుగులో అంది. "నా కొడుకు." తలుపు తెరుచుకునేసరికి బిడ్డ పాలు తాగుతున్నాడు. ఫారం మీద సంతకం ఇంకా తడిగా ఉంది.

కమిటీ వాళ్లు ఫారం చదివారు, బిడ్డను చూశారు, డాక్టరును రెండు ప్రశ్నలు అడిగారు. చెత్త డబ్బాల గురించి తల్లికి గట్టిగా చీవాట్లు పెట్టి వెళ్లిపోయారు.

డాక్టరు కొత్త పట్టీ తీసి దర్శనకిచ్చింది. మొదటిసారి ఆమె ముఖం కాస్త మెత్తబడింది. బిడ్డ మీదికి వంగి, "ఎంత ముద్దుగా..." అనబోయింది.

"ముద్దా!" దర్శన ఉలిక్కిపడి అడ్డొచ్చింది. నోటికొచ్చింది తెలుగే. "యాడి ముద్దు మేడం! ఎండిన చింతపండు మొఖం! ఈన్ని ఎవడు చూస్తడు!"

కవిత తల ఊపింది. కృతజ్ఞతతో ఊపింది.

లక్ష్మవ్వ చాటలోని తవుడును కిటికీ బయట దులిపి, చాట చంకన పెట్టుకుంది. "ఇప్పుడొచ్చిందా మా దొరసానికి తెలుగు."

దర్శన బిడ్డ మణికట్టుకు పట్టీ కట్టి, రెండుసార్లు లాగి చూసింది.

"ఈసారి ఇది తెంపినవనుకో అవ్వా," అంది, "ఆ కత్తెర నీ ముక్కుకే పెడ్త."