ఇంటి వెనక గుమ్మడి

తొలకరి పడగానే హేమ్లి ఇంటి ముందు కంచె పొడవునా గుమ్మడి గింజలు పెట్టింది. తండాలో అందరూ అప్పుడే పెడతారు. ఆమె భర్త తుల్సీరాం పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఆ ఏడు ఓవర్‌టైం మీద ఓవర్‌టైం పడి చాలా రోజులు ఇంటి ముఖం చూడలేదు. వచ్చేసరికి వానలు తగ్గిపోయాయి. అయినా మిగిలిన గింజలు తీసుకుని ఇంటి వెనక పాదులు చేశాడు.

"గిప్పుడు పెడితే ఏం కాస్తది? చలికి తీగ సాగదు," అంది హేమ్లి.

"కాసినన్నే కాయనీ. నువ్వు పెట్టినవ్, నేను పెట్టొద్దా?"

ఆమె నవ్వింది. అతను డ్యూటీకి వెళ్లాక మాత్రం గిన్నెలు కడిగిన నీళ్లు రోజూ ఆ పాదులకే పోసింది.

దసరాకు కంచె మీది కాయలు ఇంట్లో పట్టలేదు. ఒక్కొక్కటి ఎత్తలేనంత. చుట్టాలకు, తండాకు పంచింది. వెనక తీగకు పిందెలు రాలి రాలి, చలి ముదిరేనాటికి చెంబంత కాయలు కొన్నే నిలిచాయి.

అప్పుడే వాళ్ల చిన్నారి సోని పొద్దు గూకితే తడబడడం మొదలుపెట్టింది. వాకిట్లో మంచానికి కొట్టుకునేది. ఎదురుగా పెట్టిన పళ్లేన్ని చేత్తో తడుముకునేది. తండాకు వచ్చే నర్సు పుష్ప పిల్ల కళ్లు చూసింది.

"రేచీకటి. భయపడకు, నేను మందు పోస్త. నువ్వు ఆకుకూరలు, పండిన గుమ్మడి పెట్టు. లోపల కండ ఎంత ఎర్రగుంటే కండ్లకు అంత మంచిది."

హేమ్లి దాచుకున్న వాటిలో అన్నిటికన్నా పెద్ద కాయ కోసింది. వానల్లో పెరిగిన కాయ. కండ పాలిపోయి, నీళ్లు నీళ్లుగా ఉడికింది. సోని ఒక ముద్ద తిని మూతి తిప్పుకుంది. మర్నాడూ అంతే.

సెలవు మీద వచ్చిన తుల్సీరాం సంగతి విని, వెనక్కి వెళ్లి ఒక చిన్న కాయ తెంపుకొచ్చాడు. కత్తి దిగడమే కష్టమైంది. లోపల కండ మోదుగ పువ్వు రంగులో ఉంది. ఉడికించి మెదిపి పెడితే సోని గిన్నె ఊడ్చేసింది.

"అన్నీ ఒక్క కాయ గింజలే గదా. గిట్లెందుకైంది?" అంది హేమ్లి.

"నీళ్లు తక్కువ, ఎండ బాగ తగిలింది. కాసినయి కొన్నే, బలమంతా వాటికే పోయిందేమో. నాకేం తెల్సు," అన్నాడు తుల్సీరాం, పిల్ల మూతి తుడుస్తూ.

ఆ కాయలు అయిపోయేదాకా సోనికి అవే పెట్టారు. పుష్ప మందు పోస్తూనే ఉంది. మందు గుణమో, గుమ్మడి గుణమో, ఒక సాయంత్రం దీపం పెట్టకముందే సోని వంగి నేల మీది నుంచి ఏదో తీసింది.

"అమ్మా, నీ పూస పడ్డది."

హేమ్లి పూస తీసుకోలేదు. పిల్లను ఎత్తుకుని, చాలాసేపు దించలేదు.

పై ఏడు తొలకరికి ఆమె గింజలు సగమే పెట్టింది. మిగతావి ఎందుకు ఆపావని తుల్సీరాం అడిగాడు.

"ఇవి కడుపు నిండటానికి. అవి వానలు తగ్గినంక, బిడ్డ కోసం. అప్పటికి సెలవు అడుగు."

"సెలవియ్యకపోతే?"

"నేనే పెడత," అంది హేమ్లి. "ఆ కాయలకు పేరు మాత్రం నీదే."